గీజర్ వెనక పచ్చ వైరు

బాత్రూమ్ టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతాం. గీజర్‌కి ఎర్త్ ఉందా అని మాత్రం ఎవరినీ అడగం.

మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్త్ పిన్ను. సాకెట్ విప్పి చూడండి, కొన్ని పాత ఇళ్లలో ఆ రంధ్రం వెనక పచ్చ వైరే ఉండదు. ఇంకొన్ని చోట్ల న్యూట్రల్ నుంచి ఒక ముక్క తెచ్చి దానికి తగిలిస్తారు. ఇది మరీ ప్రమాదం. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, గీజర్ బాడీకే కరెంటు వచ్చేస్తుంది.

"ఎంసీబీ ఉందిగా" అంటారు. ఎంసీబీ కాపాడేది వైర్లని. గీజర్‌కి పెట్టే 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించితే గానీ కదలదు. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు చాలు. అందుకే 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ కావాలి. ఎర్త్ సరిగా ఉంటే గీజర్ బాడీకి కరెంటు లీకైన వెంటనే అది పడిపోతుంది. ఎర్త్ లేకపోతే మనం ముట్టుకునేదాకా దానికి తెలియకపోవచ్చు.

బాత్రూమ్‌లో ఇనప పైపులుంటే వాటినీ ఎర్త్‌తో కలపాలి, అదే బాండింగ్. అప్పుడు ఒక చెయ్యి కుళాయి మీద, ఇంకో చెయ్యి గీజర్ మీద ఉన్నా రెండింటి మధ్య ప్రమాదకరమైన వోల్టేజి తేడా రాదు.

ఆర్‌సీసీబీ మీద 'టి' అని బటన్ ఉంటుంది. ఈరోజే నొక్కి చూడండి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పడినా సరే, ఎర్త్‌ని విడిగా మీటరు పెట్టి చూడమనండి. ఆ బటన్ ఎర్త్ సంగతి చెప్పదు.