పాలకొల్లులో ఒక రాత్రి

రాజమండ్రిలో సైకిలెక్కి నరసాపురం వెళతానంటే మా ఆవిడ నవ్వింది. నలభై అయిదేళ్లు నిండిన తెలుగు లెక్చరరు సైకిలెక్కడం యెవరికైనా నవ్వే తెప్పిస్తుంది. కాని సంకల్పం మంచిది. 2022 జూలైలో గోదావరి పొంగి, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి పిల్లల పుస్తకాలు నానిపోయాయి. ఆ పుస్తకాల కోసం వూరూరా చందాలడుగుతూ, సెప్టెంబరులో ఒక శనివారం, ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని బయలుదేరాను.

"రాత్రికి పాలకొల్లులో మా మావయ్య చూసుకుంటాడండి మాస్టారూ," అన్నాడు వాళ్లలో ఒకడు. ఆ మావయ్య అక్కడి క్రైస్తవ సంఘంలో పెద్ద. "చాలా సంతోషం" అన్నాను. నిజంగా సంతోషించాననే అనుకున్నాను.

రావులపాలెం, సిద్ధాంతం, పెనుగొండ దాటేం. మార్టేరు వచ్చేసరికి వాన పట్టుకుంది. స్వర్ణ వరి పుట్టిన వూరది. ఆ చేలు కళ్లారా చూద్దామనుకుంటే అక్కడే నా సైకిలు చైను తెగింది! మొత్తానికి చీకటి పడేవేళకు క్షీరారామం గాలిగోపురం కనబడింది. పంచారామాల్లో ఒకటైన శివాలయం వూరి నడుమ వుంది. ఒకప్పుడు బట్టల వర్తకానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన డచ్చివారి సమాధులు కూడా యీ వూళ్లోనే వున్నాయి. దూరాన్నించి వచ్చేవాళ్లు పాలకొల్లుకు కొత్త కాదు.

సంఘ మందిరం పేటలో, ఓ సందు చివర వుంది. సున్నం కొట్టిన గోడలు, ముందు రేకుల వసారా. పెద్దాయన వృత్తికి తాపీమేస్త్రీ. తువాలుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, "రండి మాస్టారూ, తడిసిపోయారు," అన్నాడు. ఆయన తల్లి, డెబ్భై దాటిన మనిషి, చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"వద్దమ్మా, సైకిలుకున్న సీసాలో నీళ్లున్నాయి," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. నా సీసాలో గుక్కెడు నీళ్లు కూడా లేవు. ఆవిడ యేమీ అనలేదు. చెంబు లోపలికి తీసుకుపోయింది. కుర్రాళ్లిద్దరూ ఆవిడ వెనకే వెళ్లి తాగివచ్చారు.

గంట తరువాత మందిరంలో చాపలు పరిచి, ఆకులు వేశారు. కుర్రాళ్ల ఆకుల్లో అన్నం, చేపల పులుసు. నా ముందు మాత్రం ఒక కాగితం పొట్లం పెట్టాడు మేస్త్రీ. "బజార్లో శాకాహారం హోటలుందండి. తమరికి ఇబ్బంది లేకుండా అక్కణ్ణించి తెప్పించేను, ఆయ్," అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నన్ను కాపాడాలన్న ఆదుర్దా వుంది. అదే నాకు కొరడా దెబ్బలా తగిలింది.

గుర్రం జాషువా 'గబ్బిలం' గురించి పదిహేనేళ్లుగా క్లాసులో చెబుతున్నాను. చెబుతూంటే గొంతు పూడుకుపోతుంది కూడాను. మా నాయనమ్మ పేటవైపు నించి వచ్చిన గాలికి సైతం పక్కకు తప్పుకునేది. నేను ఆవిడ మనవణ్ణి కాననుకున్నాను. చెంబెడు నీళ్ల దగ్గర అయ్యాను.

"మీరేం వండుకున్నారు?" అని అడిగాను.

"దోసకాయ పప్పు కూడా వుందండి. కాని..." అని తల్లివైపు చూశాడు.

"అది పెట్టించండి. నీసు తినను గాని, పప్పు తింటాను."

ముసలమ్మ నా మొహంలోకి ఒక నిమిషం చూసి, లోపలికి వెళ్లి పప్పుగిన్నె తెచ్చింది. హోటలు పొట్లం కుర్రాళ్ల పాలైంది.

భోజనాలయ్యాక వసారాలో కూచుని మేస్త్రీ తమ సంఘం కథ చెప్పాడు. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నించి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు, గ్రోవ్స్ దొరతో ఓడెక్కి వచ్చారు. ఒకరు రాతిపనివాడు, ఒకరు చెప్పులు కుట్టేవాడు. ఈ డెల్టాలోనే స్థిరపడ్డారు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతూన్న రోజుల్లో, అంటే 1847–52 మధ్య, అక్కడి కూలీల నడుమ బోధించారు. "మా తాతల తాత ఆ ఆనకట్టకి రాళ్లు మోసేడంటారండి," అన్నాడు మేస్త్రీ. కాటన్ దొర విగ్రహానికి నేనూ దండ వేశాను. రాళ్లు మోసిన వాళ్లింట్లో తినడం అదే మొదలు.

మరునాడు ఆదివారం ఆరాధన. జీతగాడైన పాస్టరు లేడు. మేస్త్రీ, మరొకాయన చెరోసారి లేచి ప్రార్థన చేశారు. తరువాత ఒకే రొట్టె, ఒకే పాత్ర చేతులు మారుతూ వెళ్లాయి. బాప్తీస్మం పొందినవారికే అది. వెనక చాపమీద కూచున్న నన్ను దాటుకుని పాత్ర వెళ్లిపోయింది. న్యాయమే అనిపించింది.

చివర మా పని సంగతి మేస్త్రీ చెప్పాడు. కానుకల సంచిలో 3,460 రూపాయలు పోగయ్యాయి. కూలికి పోయే ఆడవాళ్లు కొంగుముడి విప్పి వేశారు. వాళ్లలో ఇద్దరికి కనకాయలంకలో చుట్టాలున్నారట. ఇక్కడ చందా అడగకుండా వుండాల్సిందేమో అనుకున్నాను. అడగకపోతే అది మరో రకం తప్పయ్యేది. రసీదు మీద యెవరి పేరు రాయమంటారని అడిగితే, "సంఘం అని రాయండి చాలు" అన్నారు.

బయలుదేరేటప్పుడు ముసలమ్మ నా సైకిలు దగ్గరికి వచ్చింది. ఖాళీ సీసా మూత తీసి, తలకిందులుగా పట్టుకుని చూసి, నవ్వింది. రాత్రే తెలుసన్నమాట!

"ఇలా తెండి బాబూ, నరసాపురం దాకా ఎండ," అని కుండలోంచి నీళ్లు నింపి ఇచ్చింది. అక్కడే సగం తాగేశాను. మళ్లీ నింపింది.