కామందు కార్లో మా తాత గొంతు

మా నాయన ఆ కారును పద్నాలుగేళ్లు కడిగాడు. కదలకపోతే తోశాడు. దాని సీట్లో మాత్రం ఒక్కనాడూ కూచోలేదు.

అది మా ఊరి కామందుది. తెల్ల అంబాసిడర్, మార్క్ టూ. 1972లో కొన్నారు. ఇంగ్లండోళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చులోనే బెంగాల్లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ చేసిన బండి. అప్పట్లో దేశంలో మంత్రుల దగ్గర్నుంచి టాక్సీవాళ్ల దాకా అందరికీ అదే కారు. మా ఊరికి మాత్రం అదొక్కటే కారు. నాయన తండ్రి ఆ ఇంట్లో పెద్ద జీతగాడు. నాయనకు పద్నాలుగేళ్లప్పుడు గొడ్ల దగ్గర్నుంచి తీసి కారు దగ్గర పెట్టారు. పల్లెలో మావాళ్లంతా అదేదో ఉద్యోగమొచ్చినట్టు సంబరపడ్డారంట.

కారొచ్చిన రెండో ఏడు గుంటూరు నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించి రేడియో పెట్టించాడు కామందు. కారుతో పాటు వచ్చిన రేడియో కాదది. డ్యాష్‌బోర్డు రేకు కోసి, కంత చేసి, అందులో బిగించారు. ఏరియల్ కోసం ముందు మడ్‌గార్డుకు ఇంకో కంత పెట్టారు. రేకు కోస్తున్నప్పుడు రాలే ఇనప పొట్టు లోపలి చాప మీద పడకుండా మా నాయన బయట నిలబడి, తలుపులోనుంచి చేతులు చాపి దోసిలి పట్టాడు. వేడి పొట్టు పడి అరచెయ్యి బొబ్బలెక్కింది. బిగించటం అయిపోయాక బొత్తాం తిప్పితే విజయవాడ కేంద్రం పలికింది. 1948 నుంచి మా గుంటూరు జిల్లా మొత్తానికీ అదే గొంతు. ఆ గొంతు వినటానికి కామందు లోపల కూచున్నాడు. తడిగుడ్డ చేతబట్టుకుని మా నాయన బయట నిలబడ్డాడు.

ఇంకోటి చెప్పాలి. కారెంపూడి వీరుల తిరునాళ్లకు కార్తీక అమావాస్యప్పుడు కామందు కుటుంబం ఆ కార్లో పోయేది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు, ఐదు రోజుల తిరునాళ్ల. వీళ్లు మూడోనాడు మందపోరుకు పోయేవాళ్లు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూచోబెట్టి కూడు పెట్టాడని చెప్పుకుని చాపకూడు జరిపేది ఆ రోజే. కారు కాపలాకు మా నాయన్ని కూడా తీసుకుపోయేవాళ్లు. ఎక్కడ కూచోబెట్టి? డిక్కీలో. మూత పైకెత్తి తాడుతో కట్టి, వరిగడ్డి పరిచి, అందులో. చాపకూడు చూడటానికి పోయే కార్లో మా నాయన చోటు అది.

నాగులేరు దగ్గర కారు ఆపి వాళ్లు గుడికి పోయేవాళ్లు. నాయన కారు దగ్గరే ఉండాలి. దూరంగా వీరవిద్యావంతులు పాడే కథ గాలికి వచ్చీ రానట్టు వినపడేది. వీరవిద్యావంతులంటే మావాళ్లే. శ్రీనాథుడి పేరున పల్నాటి వీరచరిత్ర పుస్తకంగా ఉంది. కానీ రాత్రిళ్లకు రాత్రిళ్లు నోటితో పాడి ఆ కథను బతికించింది మాలలు. బ్రహ్మనాయుడి సేన నడిపిన మాల కన్నమదాసు కథను వాళ్ల గొంతులోనే వినాలి. 1970లలో అమెరికా నుంచి జీన్ రోఘైర్ అనే ఆయన వచ్చి అలిశెట్టి గాలెయ్య పాడిన కథను టేపులకెక్కించుకుని, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల చేత ఇంగ్లీషు పుస్తకం వేయించాడు. అంతదూరం పోయిన గొంతు, కూతవేటు దూరంలో కారు కాస్తున్న మా నాయన చెవికి సరిగ్గా అందలేదు. అట్టా దూరం నుంచి విన్న గొంతుల్లో ఒకటి మా అమ్మ తండ్రిది. ఆ తర్వాత నాలుగైదేళ్లకు నాయన ఆయనకు అల్లుడయ్యాడు.

కామందు పోయాక పిల్లలు హైదరాబాదు చేరారు. కారు కొట్టంలో పడిపోయింది. డిక్కీలో కోళ్లు పొదిగాయి. 2019లో పాత ఇనప సామాన్ల వ్యాపారికి అమ్ముతున్నారని తెలిసి, ఆయన చెప్పిన ధర మీద ఇంకో ఐదు వేలు వేసి నేను కొన్నాను. అప్పటికి నేను డీఎస్సీ రాసి పంతుల్నయ్యి కొన్నేళ్లయింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు.

ఎందుకు కొన్నావని చాలామంది అడిగారు. నాయన చాకిరీకి గుర్తుగా అని చెప్పేవాణ్ణి. అది సగం నిజం. మిగతా సగం చెప్పటానికి సిగ్గేస్తది. చిన్నప్పుడు ఆ కారు మా పల్లె ముందునుంచి పోతుంటే దుమ్ములో పరిగెత్తినవాణ్ణి. స్టీరింగు పట్టుకుని కామందు ఇంటి వీధిలో ఒక్కసారి పోవాలని నాకుండేది. ద్వేషించేవాడి కుర్చీ మీద కూడా మనకు ఆశ ఉంటది. దాన్ని దాచుకోవటం ఎందుకు?

ఇంజను, బ్రేకులు, రేకు పని రెండేళ్లు తిన్నాయి. ఆ కష్టమంతా పాత బండి కొన్న ప్రతివాడిదీ ఒకటే కాబట్టి చెప్పను. అసలు గొడవ రేడియో దగ్గర వచ్చింది.

తాత పాడిన క్యాసెట్ ఒకటి మా ఇంట్లో ఉంది. 1996లో ఎవరిదో టేపురికార్డరు అడిగి తెచ్చి మా మామ పట్టింది. అరవై నిమిషాలు. మూడేళ్లకు తాత పోయాడు. టేపు బూజుపట్టింది. నరసరావుపేటలో ఒక కుర్రాడు దాన్ని ఓపిగ్గా తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చాడు. ఆ గొంతు ఈ కార్లో పలకాలని నా కోరిక. అయితే బండి పాత రూపం చెడకూడదు. పాత కార్ల మీద మోజున్నవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. కొత్తగా ఏం పెట్టినా సరే, రేపు విప్పేస్తే పాత బండి పాతట్టే మిగలాలి. ఒక్క కంత కూడా కొత్తగా పెట్టకూడదు.

అప్పుడే కామందు కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. మా నాయన్ని "ఒరే" అన్న ఇంటి నుంచి నాకు "మాస్టారూ" అని వచ్చింది. "మా బండి బాగుచేయించారంట, సంతోషం. అందులో నాన్నగారి రేడియో ఉంటది. దాన్ని మాత్రం కదిలించబాకండి. ఒరిజినాలిటీ పోద్ది" అన్నాడు. అమ్మేసినా "మా బండి" అనే అన్నాడు. నేను "అట్టాగేనండి" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. పదో తరగతి పిల్లలకు హక్కుల పాఠం చెప్పే నోరే అది.

సాయంత్రం నాయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు.

"పీకెయ్యి దాన్ని" అన్నాడు.

"అది ఒరిజినల్ నాయనా."

"ఏంది ఒరిజినల్? కంపెనీవోడు పెట్టాడా? రేకు కోసింది నేను చూళ్లా? పొట్టు పడింది ఈ చేతుల్లో గదా. నీకేం తెలుసని మాట్లాడతన్నావ్?"

నా చదువు అక్కడ ఆగిపోయింది. పుస్తకాలు చూసి, తెలిసినవాళ్లను అడిగి ఒరిజినల్ అంటే ఏందో నేర్చుకున్నానే గాని, ఆ కారు పుట్టు సంగతి తెలిసిన మనిషి నా పక్కనే ఉన్నాడని తట్టలేదు. కామందు చేసిన కంత యాభై ఏళ్లకు ఒరిజినల్ అయింది. నేను చేస్తే చెడగొట్టటం అవుతుంది. ఊళ్లో చాలా సంగతులు ఇట్టాంటివే. ఎవరో ఒకనాడు తమ సౌకర్యానికి పెట్టుకున్నదే తర్వాత ఆచారం పేరుతో నిలబడతది.

చట్టం ఏమంటుందోనని కూడా చూశాను. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవాటిని వింటేజ్ కింద రిజిస్టరు చేస్తారు. ఛాసీ, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు జరగకూడదు. ఆ మూడింటి జాబితాలో రేడియో లేదు. అయితే అట్టా రాయించుకుంటే బండిని రోజువారీ తిప్పుకోకూడదు. నాకు తిరగటమే కావాలి. అందుకని మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకున్నాను.

నాయనకూ నాకూ వారం రోజులు వాదన నడిచింది. చివరికి రాజీ కుదిరింది. రేడియో ముఖం ఉంటది. గాజు, ముల్లు, రెండు బొత్తాలు ఉంటాయి. లోపలి సరుకు మాత్రం తీసి, గుడ్డలో చుట్టి అటక మీద పెడతాం. ఖాళీ అయిన పెట్టెలో చిన్న ఆంప్లిఫయరు, పెన్‌డ్రైవ్ చదివే పలక. పాత బొత్తాం తిప్పితేనే కొత్తది పలకాలి.

పని నరసరావుపేటలో ఒక ఎలక్ట్రీషియన్ చేశాడు. ముందు మీటరుతో బ్యాటరీ చూశాడు. ఇంగ్లండు కార్లలో చాలావాటికి పూర్వం పాజిటివ్ తీగను బాడీకి కలిపేవాళ్లు. అట్టాంటి బండిలో ఇప్పటి సెట్టు ఇనప ఒళ్లు రేకుకు తగిలితే కాలిపోద్ది. మాది నెగటివే. తర్వాత కరెంటు లెక్క. పాత బండిలో ఆల్టర్నేటరు ఉండదు, డైనమో. అది వేగంగా తిరిగితే 22 ఆంపియర్ల దాకా ఇస్తది. బండి నిలబడి ఇంజను మెల్లగా ఆడుతుంటే దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లే ఏడెనిమిది ఆంపియర్లు తింటాయి. కాబట్టి కుర్రాళ్లు కొత్త కార్లలో పెట్టుకునే గుండెలదిరే సెట్లు దీనికి పనికిరావు. పక్కకు ఇరవై వాట్లు చాలన్నాడు. నాలుగు ఆంపియర్లు మించదు.

స్పీకర్లకు తలుపులు కొయ్యలేదు. వెనకసీటు వెనక, అద్దం కింద బల్లలాంటి జాగా ఉంటది. ఆ కొలతకు ప్లైవుడ్ కోసి, స్పీకర్లు బిగించి, పైన పాత రంగు గుడ్డ తొడిగాడు. ఎత్తితే ఊడొస్తది. గుడ్డచుట్టు పాత తీగల జోలికి పోకుండా బ్యాటరీ నుంచి వేరే తీగ లాగి, మొదట్లోనే ఫ్యూజు పెట్టాడు. తీగలన్నీ ఉన్న కంతల్లోంచే చాప కిందకి పోయాయి. మొదట వేసినప్పుడు ఇంజను వేగం పెరిగేకొద్దీ తాత గొంతు వెనక కీచుమని ఈల వచ్చింది. డైనమో, కాయిలు చేసే రొద అది. కాయిలుకు కండెన్సరు కట్టి, పాట తీగను డైనమో తీగకు దూరంగా అవతలి పక్కన తిప్పి, ఎర్తు ఒకే చోట బిగిస్తే పోయింది. టేపులో ఉన్న గరగర మాత్రం పోలేదు. పోవద్దన్నాడు నాయన.

ఆ ఎలక్ట్రీషియన్ పోతా పోతా, "ఎప్పుడు కావాలన్నా అంతా విప్పేసుకోవచ్చు మాస్టారూ, పాతది పాతట్టే ఉంటది" అన్నాడు. బండికి ఆ మాట మంచిదే. మా బతుకుల్లో వచ్చిన మార్పు మాత్రం ఎవరూ విప్పలేనట్టు బిగించుకోవాలి. ఈ మధ్య దాని మేకుల చుట్టూ ఎవరెవరో స్క్రూడ్రైవర్లు పట్టుకు తిరగటం చూస్తన్నాను.

2024లో మందపోరు నాడు కారెంపూడి పోయాం. బయల్దేరేటప్పుడు నాయన ముందు తలుపు తీసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి సీటు మీద పరిచి, దాని మీద అంచున కూచున్నాడు. "మాసిపోద్దిలే" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను.

నాగులేరు దగ్గర ఒకచోట ఆపమన్నాడు. "ఈడే" అన్నాడు. యాభై ఏళ్ల కిందట కారు కాసింది అక్కడేనంట. నాలుగు తలుపులూ తీశాను. బొత్తాం తిప్పాను. తాత గొంతు మెల్లగా లేచింది. తిరునాళ్లకు పోయేవాళ్లు ఒకరిద్దరు ఆగారు. తర్వాత పదిమందయ్యారు. విద్యావంతుల ఇంటి ముసలాయన ఒకాయన దగ్గరకొచ్చి, రేడియో ముఖం వైపు చూస్తా, తాత పేరు తనంతట తానే చెప్పాడు. నాయన తల ఊపాడు, మాట రాలేదు. అరవై నిమిషాలూ అయిపోతే మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు. పొద్దుగూకింది, లైట్లు వేశాను. డైనమో సంగతి మర్చిపోయాను.

రెండోసారి కథ మధ్యలో ఉండగా గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. లైట్లు ఎర్రబడ్డాయి. ఇంజను అందుకోలేదు. బ్యాటరీ దిగిపోయింది.

ఇక తొయ్యాల్సిందే. నేను ఆ మాట అనకముందే నాయన దిగి, వెనక్కి పోయి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి వంగున్నాడు. పద్నాలుగేళ్ల అలవాటు. నేను పరిగెత్తి చేతులు పట్టుకున్నాను. "నువ్వు ఎక్కు నాయనా" అన్నాను. వినలేదు. ఆ ముసలాయన, "ఎక్కవయ్యా, అల్లుడివి గదా" అని రెక్క పట్టుకుని వెనకసీట్లో కూచోబెట్టాడు. పదిమంది కుర్రాళ్లు వచ్చి చేతులు వేశారు. ఎవరిది ఏ కులమో నేనడగలేదు, వాళ్లూ మమ్మల్ని అడగలేదు. ఆ కాసేపటికి అంతే.

రెండో గేరులో క్లచ్ వదిలితే బండి ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. కాస్త వేగం పెరగ్గానే రేడియో ముఖంలో దీపం వెలిగి, ఆగినచోటి నుంచే తాత మళ్లీ ఎత్తుకున్నాడు. అద్దంలో చూశాను. నాయన వెనకసీటుకు ఆనుకుని కూచుని ఉన్నాడు. తువ్వాల ముందుసీటు మీదే ఉంది.