మైపాడు గట్టు మీద మూడు ల్యాప్‌టాప్‌లు

తెల్లవారుజామున మూడున్నరకి బావ ఫోన్. "ఏంది బామ్మర్దీ, నువ్వు బిగించిన పెట్టె పలకడం లేదే!"

పెట్టె అంటే మైపాడు దగ్గర ఆయన రొయ్యల చెరువు గట్టు మీదున్న రాస్ప్‌బెర్రీ పై. అరచేతిలో పట్టేంత కంప్యూటర్. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్ చెబితే, అది బావ ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. రాత్రంతా రొయ్యలూ ప్లాంక్టనూ కలిసి పీల్చేస్తాయి కాబట్టి పొద్దు పొడిచే ముందే ఆక్సిజన్ అడుగంటుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములకు దిగితే పంటకు ముప్పే. అందుకే ఆ వేళప్పుడు ఫోన్.

నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటేసరికి మే నెల ఉక్కలో ఉప్పు వాసన కలిసింది. రోడ్డుకు రెండు పక్కలా చీకట్లో ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్న చప్పుడు.

కరెంటు పోయి రావడంలో మెమరీ కార్డు చెడింది. జేబులో తెచ్చుకున్న రెండో కార్డు పెట్టి, ల్యాప్‌టాప్‌లోంచి నా ప్రోగ్రాం ఎక్కించాను. ఇరవై నిమిషాలకి బావ ఫోన్ మోగింది: 4.1. రొయ్యల కంటే ముందు బావ ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ పెట్టెలో నడిచేది డెబియన్ మీద కట్టిన లినక్స్. నా ల్యాప్‌టాప్‌లోనూ, అద్దె సర్వర్‌లోనూ లినక్సే. మూడు చోట్లా అవే కమాండ్లు, అవే లాగ్‌లు. మొదట్లో ఇంత ఆలోచన లేదు. 2009లో కాలేజీ రోజుల్లో ఉబుంటు సీడీ ఉచితంగా పోస్టులో వచ్చింది, పాత కంప్యూటర్ దాంతో మళ్లీ కదిలింది, అంతే.

బావ ల్యాప్‌టాప్‌లో విండోస్. మేత లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నాయి, ఆడిటర్‌కీ అదే కావాలి. సెలవులకొచ్చిన అల్లుడి ఒళ్లో మాక్. వాడు చేసేది ఐఫోన్ యాప్‌లు. వాటికి కావలసిన ఎక్స్‌కోడ్ మాక్ మీద తప్ప నడవదు.

"2016 నుంచి విండోస్‌లోనే లినక్స్ నడుస్తోంది కదా మామా, ఇంకా ఈ పంతమేంది?" అన్నాడు వాడు.

నిజమే. కానీ నాకు 2018 ఫిబ్రవరి గుర్తొచ్చింది. మన 'జ్ఞా'తో ముడిపడిన ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. మాక్‌కీ అదే తిప్పలు. కొద్ది రోజుల్లోనే ఆపిల్ ఐఫోన్‌కి ఐఓఎస్ 11.2.6 పంపి సరిచేసింది. అందాకా ఓనమాలు దిద్దిన మనమంతా ఎదురుచూడాల్సిందే. ఆ కోడ్ విప్పి చూసే వీలు మనకు లేదు.

తెల్లారాక సముద్రం ఒడ్డుకి పోయాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఫైబర్ బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయి. ఒకాయన ఇంజను విప్పి, డీజిల్‌లో కడిగిన బోల్టుల్ని పాత లుంగీ మీద వరసగా పేరుస్తున్నాడు, విప్పిన వరస తప్పకుండా.

"ఈ ఇంజనే ఎందుకు తీసుకున్నావన్నా?" అన్నాను.

"దీని సామాను నెల్లూరులో దొరకతాది. విప్పి బిగించే పని నాకొచ్చు. నడి సముద్రంలో ఆగిపోతే కంపెనీవోడు ఈదుకుంటా వస్తాడా సామీ?"

నేను అల్లుడి వైపు చూశాను. వాడు తక్కువ తిన్నాడా! "నాకు ఒడ్డునే మెకానిక్ ఉండాడు మామా" అన్నాడు.

అదీ నిజమే. ఎక్కడ ఆగిపోతుందో, అక్కడ బాగుచేసే చెయ్యి ఎవరిదో చూసుకునే ఎవరి ఇంజను వాళ్లు ఎంచుకున్నారు. బావకి ఆడిటర్, వాడికి కంపెనీ. నాకు, చీకట్లో చెరువు గట్టు మీద, నేనే.

తిరిగి పోతూ నెల్లూరులో బండి ఆపి ఇంకో మెమరీ కార్డు కొన్నాను.