ఎడమచేతి బేస్

పోయిన ఫాల్గుణంలో కొల్లేటి లంకల్లోని ఒక ఊళ్ళో అమ్మవారి జాతరకి మా ఆర్కెస్ట్రా పెట్టారు. నాలుగో పాటలో ఉండగా జనరేటర్ న్యూట్రల్ వదిలేసింది. ఎలక్ట్రికల్ చదివినవాళ్ళకి ఈ మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. మిగతావాళ్ళ కోసం చెప్తాను: మూడు ఫేజుల కరెంటులో న్యూట్రల్ తీగ ఊడితే, 230 వోల్టులు రావాల్సిన చోట ఒక లైన్లో 100 రావచ్చు, ఇంకో లైన్లో 300 దాటొచ్చు. లోడు ఎటు తక్కువుంటే దెబ్బ అటు ఎక్కువ. మా స్టేజీ ఆ తక్కువ లోడు వైపు ఉంది. సీరియల్ బల్బులు ఒక్కసారి పాలలా తెల్లగా వెలిగి ఆరిపోయాయి. నా వెనకాల ఉన్న బేస్ యాంప్లిఫయర్ లోంచి ముందు ఒక మూలుగు, తర్వాత బేకలైట్ కాలిన వాసన, ఆ తర్వాత నిశ్శబ్దం.

పావుగంటలో కరెంటు సరిచేశారు. కీబోర్డు వేరే స్టెబిలైజర్ మీద ఉండటంతో బతికిపోయింది. ఆక్టోప్యాడ్ కూడా. మాస్టారు నా వైపు చూసి, "నువ్వు కూర్చో అబ్బాయ్," అని కీబోర్డులో స్ప్లిట్ నొక్కారు. అంటే కింది రెండు స్థాయిలూ బేస్ శబ్దానికి, పైవి మిగతా వాటికి. ఎడంచేత్తో బేస్, కుడిచేత్తో వయొలిన్లు. అలా రాత్రి రెండింటి దాకా నడిపించేశారు. నేను గిటార్ మెళ్ళో వేసుకుని, ఆంప్ లేకుండా, చివరి దాకా వేళ్ళు కదుపుతూ నిలబడ్డాను. పారితోషికం పూర్తిగా ఇచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. కమిటీవాళ్ళు వచ్చి ప్రోగ్రాం బ్రహ్మాండం అన్నారు.

నాకు గుచ్చుకున్నది అదే.

తెల్లారగట్ల ఆ చచ్చిపోయిన పెట్టెని బల్లకట్టు మీద కాలవ దాటించాం. 38 కిలోలు. కాటా మీద పెట్టి తూచిన బరువు, ఊరికే చెప్తున్నది కాదు. అవతలి గట్టు మీద చేపల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి, వాటి చప్పుడు నీళ్ళ మీంచి సన్నగా వస్తోంది. నాకు అది సరిగ్గా కింది ఇ తీగ శ్రుతిలో ఉన్నట్టనిపించింది. అప్పటికి నిద్ర లేదు కాబట్టి ఆ సంగతి నమ్మనక్కర్లేదు.

ఈ పెట్టె కథ కొంచెం చెప్పాలి. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఏలూరు పవర్‌పేటలో ఒక రేడియో మెకానిక్ గారితో చేయించుకున్నాను. పెళ్ళిళ్ళకి మైక్ సెట్లు బాగుచేసే మనిషి. 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు నాలుగు (పెరుగు గిన్నె మూతల్లా ఇనప టోపీలతో ఉంటాయి, పాతకాలం వాళ్ళకి తెలుసు), చేత్తో చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్, 15 అంగుళాల స్పీకరు, ప్లైవుడ్ పెట్టె, పైన నల్ల రెక్సిన్. ఎన్ని వాట్లండీ అంటే, "సరిపోద్ది బాబూ" అన్నారు. అంతకంటే మంచి స్పెసిఫికేషన్ నేను మళ్ళీ ఏ కంపెనీ కాగితం మీదా చూడలేదు.

బేస్ మాత్రం చర్చిలో నేర్చుకున్నాను. మేం చర్చికి వెళ్ళే ఇల్లు కాదు, కానీ ఈ చుట్టుపక్కల, అటు ఏలూరు నుంచి ఇటు తాడేపల్లిగూడెం దాకా, బేస్ గిటార్ చేతిలో పట్టుకున్న మనిషి కనబడేది ముందు చర్చిలోనే. డిసెంబరు వచ్చిందంటే ఎవరికీ ఖాళీ ఉండదు. మా కాలేజీ క్యాంటీన్లో పనిచేసే ఒకన్నయ్య ఆదివారాలు వాయించేవాడు. అతను నేర్పిన మొదటి పాఠం: "వాయించడం కాదు తమ్ముడూ, ఆపడం నేర్చుకో. స్వరం ఎంతసేపు ఉండాలో అదే బేసు." ఇళయరాజా పాటలు ఆ తర్వాత నాకు వేరుగా వినబడ్డాయి. 1989 నాటి గీతాంజలి పాటలు హెడ్‌ఫోన్లలో పెట్టి, గొంతుని వదిలేసి కింద ఏం జరుగుతోందో వినండి. ఆయన దగ్గర చాలాకాలం బేస్ వాయించింది శశిధరన్. పాట కింద ఇంకో పాట నడుస్తూంటుంది. రహమాన్ పాటల్లో కీత్ పీటర్స్‌ది వేరే దారి, తక్కువ మాట్లాడే మనిషి దారి.

మాస్టారు ఆ రాత్రి వాయించినదాంట్లో తప్పేం లేదు. మూలస్వరం పట్టుకున్నారు, తాళం తప్పలేదు. కాకపోతే కుడిచెయ్యి వేరే పని చేస్తూంటే ఎడంచేతికి దొరికేది ఆ మూలస్వరమే. పక్క స్వరం మీంచి జారి రావడం, తీగని అరచేత్తో నొక్కిపెట్టి శబ్దం కాని ఓ తట్టు తట్టడం, ఇవి పోతాయి. పోయాయని తెలిసేదెవరికి? నాకూ, ప్యాడ్స్ వాయించే మా బావకీ. మర్నాడు ఎవరో ఫోన్లో తీసిన వీడియో గ్రూపులో పెట్టారు. చూశాను. నాలుగో పాటకి ముందూ, తర్వాతా, ఏమీ తేడా లేదు. ఫోను స్పీకరుకి ఆ కింది స్వరాలు పలికే శక్తే లేదు కదా. అంటే నేను వాయించిన పాటల్లోనూ నేను లేను. పదేళ్ళ వీడియోలు ఉన్నాయి మా ట్రూపువి. అన్నిట్లోనూ గిటార్ మెళ్ళో వేసుకుని కుడివైపు నిలబడ్డ ఒక మనిషి కనబడతాడు, అంతే.

కాబట్టి కొత్త ఆంప్ ఏది కొనాలీ అన్న ప్రశ్న, అసలు కొనాలా అన్న ప్రశ్న తర్వాతే వచ్చింది. మాస్టారు లెక్క కూడా చెప్పారు, మంచిగానే. "ఏవయ్యా ఇంజనీరూ, ప్రోగ్రాంకి నీకొచ్చేది పదిహేను వందలు. నలభై వేలు పెట్టి డబ్బా కొంటే ఇరవై ఏడు ప్రోగ్రాములు ఊరికే వాయించినట్టు. రెండు సీజన్లు. ఎందుకొచ్చిన గొడవ, నా ఎడంచెయ్యి ఉంది కదా?" ఆ చివరి మాట ఆయన సాయం చేస్తున్నట్టే అన్నారు.

ఇంటి దగ్గర మా ఆవిడ ఒకటే అడిగింది. "నీ నడుమేమంటోంది?"

నడుము గురించి ఇక్కడ రాయడం ఇష్టం లేదు. పన్నెండేళ్ళు కుర్చీలో కూర్చుని కోడ్ రాసినవాళ్ళందరికీ ఉండేదే నాకూ ఉంది. డాక్టరు ఐదు కిలోలకి మించి వంగి ఎత్తొద్దన్నారు. నేను 38 గురించి చెప్పలేదు.

ముందు పాతదాన్ని బాగుచేయిద్దామని మెకానిక్ గారి దగ్గరికే తీసుకెళ్ళాను. ఆయనకిప్పుడు ఒక కంటికి శుక్లం తీశారు, రెండోదానికి ఇంకా తీయాలి. మూత విప్పి వాసన చూసే చెప్పేశారు. "ట్రాన్స్‌ఫార్మర్ పోయింది బాబూ. చుట్టిస్తాను. ట్రాన్సిస్టర్లూ పోయాయి. అవే ఇబ్బంది. పేరు ఒకటే ఉంటది, లోపల సరుకు వేరే. బజార్లో వచ్చేవన్నీ డూప్లికేట్లు, గట్టిగా వాయిస్తే పది నిమిషాలు." స్పీకరు మాత్రం వేలితో కోన్ నొక్కి చూసి, బానే ఉందన్నారు. చేస్తే మళ్ళీ 38 కిలోలే అవుతుంది కదా అని నేననుకుంటున్నది ఆయనకెలా తెలిసిందో, "ఇంక మొయ్యలేవు గానీ," అని మూత పెట్టేశారు.

తర్వాత మూడు వారాలు రాత్రిళ్ళు సమీక్షలు చదివాను. పుస్తకాల మీద రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఈ రకం రచన మీద నాకు ఆసక్తి కూడా. చెప్పక తప్పదు: ఆంప్ సమీక్షకులూ మనమూ ఒకే బడిలో చదువుకున్నాం. వాళ్ళు ప్రతిదానికీ 'వెచ్చగా ఉంది', 'బిగువుగా ఉంది' అంటారు. మనం కవితా సంపుటాలకి 'ఆర్ద్రత' అంటాం చూడండి, అలాగ. వెచ్చదనం అంటే పై ఫ్రీక్వెన్సీలు కొంచెం తగ్గడం అని, ఉంటే గింటే వాల్వుల వల్ల వచ్చే కాస్త వక్రీకరణ అని ఎవరూ చెప్పరు. ఇరవై సమీక్షలు చదివాక నాకు పనికొచ్చినవి అంకెలే.

ఆ అంకెల్లో మొదటి మోసం వాట్లు. 50 వాట్ల దాన్ని మార్చి 100 వాట్లది కొంటే శబ్దం రెట్టింపవదు. పెరిగేది 3 డెసిబెల్స్, గమనిస్తే తెలుస్తుంది, అంతే. చెవికి రెట్టింపనిపించాలంటే వాట్లు సుమారు పది రెట్లు కావాలి. పైగా ఒకే ఆంప్‌కి 3 డెసిబెల్స్ సున్నితత్వం ఎక్కువున్న స్పీకరు తగిలిస్తే, వాట్లు రెట్టింపు చేసినంత పనీ అవుతుంది. దాని గురించి ప్రకటనల్లో రాయరు. ఇంక నాలుగు తీగల బేస్‌లో కింది ఇ తీగ 41 హెర్ట్జ్. ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైన. చిన్న పెట్టెలు ఆ 41ని నిజంగా పలికించలేవు, దాని పై రెట్టింపైన 82ని పలికిస్తాయి. కింద లేనిదాన్ని మన మెదడు పూరించుకుంటుంది. మనం విన్నామనుకునే బేస్‌లో సగం మనమే కల్పించుకున్నదన్నమాట. ఇది చదివిన రాత్రి నాకు కొంచెం ఊరట కలిగింది, ఎందుకో.

చరిత్ర కూడా కాస్త చదివాను, కొనే పనికి అది అవసరం లేకపోయినా. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు దాన్ని గట్టిగా వినిపించగల ఆంప్ సరైనది లేదు. మర్నాటి సంవత్సరం దానికోసమే బాస్‌మన్ అని ఒకటి చేశాడు. తీరా దాన్ని లీడ్ గిటార్ వాళ్ళు ఎత్తుకుపోయారు. ఇంగ్లండులో మార్షల్ కంపెనీ మొదటి ఆంప్ దాన్ని చూసి చేసిందే. బేస్ వాళ్ళకోసం చేసినదాన్ని కూడా వాళ్ళకి ఉంచలేదు. 1969కి గానీ ఆంపెగ్ వాళ్ళ 300 వాట్ల ఎస్‌వీటీ, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న బీరువాతో సహా రాలేదు. ఆ బీరువాని మా బల్లకట్టు మీద ఊహించుకుని నవ్వుకున్నాను.

మా అవసరం ఏమిటో రాసుకుంటే తేలింది ఇదీ. స్టేజీ మీద జనానికి వినిపించే పని సౌండ్ సర్వీస్ వాళ్ళది. 18 అంగుళాల బిన్‌లు గోడలా పేర్చి ఉంటాయి. వాళ్ళకి నా ఆంప్ నుంచి కావాల్సింది ఒక శుభ్రమైన లైన్. నా వెనక పెట్టె నాకోసమూ, బావకోసమూ. రిహార్సల్ మాత్రం గూడెంలో మాస్టారి బంధువుల రైస్ మిల్లు గోడౌన్లో, అక్కడ పెట్టె ఒక్కటే దిక్కు. అక్కడ బస్తాలు నిండా ఉన్న రోజు ఒకలా మోగుతుంది, లోడు వెళ్ళిపోయిన రోజు ఇంకోలా, రేకుల కప్పు గలగలలతో సహా.

కాబట్టి తేలిగ్గా ఉండాలి, ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ ఉండాలి, 12 అంగుళాలకి తగ్గకూడదు. క్లాస్ డి ఆంప్‌లు వచ్చాక బరువు సమస్య కాదు. ట్రాన్సిస్టర్ని పూర్తిగా తెరవడం, మూయడం మాత్రమే చేసి, ఆ మధ్యలో వేడిగా పోయే కరెంటుని మిగుల్చుకుంటాయి. పెద్ద హీట్‌సింకు అక్కర్లేదు. ఇబ్బందల్లా ఏమిటంటే, ఆవగింజంత భాగాలతో ఉన్న ఆ బోర్డు కొల్లేటి తేమకో, జనరేటర్‌కో పోతే ఏలూరులో ఎవరూ బాగుచెయ్యలేరు. బోర్డు మొత్తం మార్చాల్సిందే. పాతది పోయినా పోయినట్టుండేది కాదు, పవర్‌పేటకి పట్టుకెళ్తే చాలు. ఈ ఒక్క విషయం దగ్గర వారం రోజులు ఆగిపోయాను. నడుమే తేల్చింది చివరికి.

విజయవాడలో ఒక కొట్టుకి నా గిటార్ నేనే పట్టుకెళ్ళాను. సేల్స్ కుర్రాడు ముందు తను వాయించి చూపించాడు, బొటనవేలితో టపటపా కొడుతూ. అలా కొడితే ఏ ఆంప్ అయినా బానే ఉంటుంది. నేను మా ప్రోగ్రాముల్లో వాయించేదే వాయించాను, అన్నీ నిదానమైన స్వరాలే. అతనికి కాసేపటికి విసుగొచ్చి ఫోన్ చూసుకున్నాడు. ఫెండర్ రంబుల్ 500 దగ్గర మనసు పడింది. రెండు 10 అంగుళాల స్పీకర్లు, 16 కిలోల పైచిలుకు. ధర నా లెక్కకి బాగా పైన. దాని పక్కనే రంబుల్ 100. ఒకటే 12 అంగుళాల స్పీకరు, సుమారు 10 కిలోలు, వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంది. ఇ తీగ దగ్గర దానికి కొంచెం ఆయాసం, దాచనక్కర్లేదు. బేస్ నాబ్ తగ్గించి, మధ్యస్థాయి కొద్దిగా పెంచితే ఆ ఆయాసం పోయింది. పైగా గుంపులో వినబడేది ఆ మధ్యస్థాయే. అదే తీసుకున్నాను. డాక్టరు చెప్పిన ఐదుకి రెట్టింపే అయినా, ఒంటిచేత్తో కారులో పెట్టాను.

పాత పెట్టె మెకానిక్ గారి దగ్గరే ఉంది. స్పీకరు తీసి ఎవరో చర్చి వాళ్ళ మైక్ సెట్టుకి వేస్తానంటే సరేనన్నాను.

మొదటి రిహార్సల్‌కి గోడౌన్ నిండా బస్తాలున్నాయి. మాస్టారు కొత్త డబ్బా చుట్టూ ఓసారి తిరిగి, చేత్తో ఎత్తి చూసి, "లోపలేమన్నా ఉందా అసలు?" అన్నారు. మొదలుపెట్టాం. రెండు పాటలు ఏదో బురదగా నడిచాయి. ఆంప్ తప్పేమోనని నేను నాబ్‌లు తిప్పుతూనే ఉన్నాను, గుండె జారిపోతోంది. బావ ప్యాడ్స్ ఆపి అన్నాడు, "మాస్టారూ, ఎడంచెయ్యి తియ్యండి. రెండు బేసులు కొట్టుకుంటన్నాయి."

నిజమే. జాతర రోజు నొక్కిన స్ప్లిట్ ఆయన తియ్యలేదు. ఈ రెండు నెలల్లో అలవాటైపోయింది. "ఆయ్, నిజమేనండోయ్," అని బటన్ నొక్కి, మూడో పాట ఎత్తుకున్నారు. ఎడంచెయ్యి కాసేపు మెట్ల మీదే ఏం చెయ్యాలో తెలీనట్టు తచ్చాడింది. రెండో చరణం వచ్చేసరికి ఆ చేత్తో టీ గ్లాసు పట్టుకున్నారు. బావ స్టూలు నా పెట్టె వైపు ఒక అడుగు జరుపుకున్నాడు. అది నేను అడగలేదు.

తర్వాతి ప్రోగ్రాం ఆకివీడు దగ్గర. ఇప్పుడు నా గిటార్ సంచిలో మల్టీమీటర్ ఒకటి ఉంటోంది. జనరేటర్ కుర్రాడు నన్ను కరెంటాఫీసు మనిషి అనుకుని లేచి నిలబడ్డాడు. 236 చూపించింది. అరగంట ఆగి ఇంకోసారి చూసి, అప్పుడు ప్లగ్గు పెట్టాను.