హాంబిల్ నది యొడ్డున పాతపడవ బేరము

ఇంగ్లండు దక్షిణతీరమున సౌతాంప్టను అను గొప్పరేవు కలదు. దానికి తూర్పున హాంబిల్ అను నది సముద్రపుపాయలో కలియుచున్నది. మన గోదావరిని చూచిన కన్నులకు ఇది నదిగా తోచదు, పంటకాలువ యనిపించును. అయినను ఆ కాలువవంటి నీటిలో వేలకొలది తెరచాపపడవలు కట్టుబడి నిలిచియుండును. దూరమునుండి చూచినచో వాని కొయ్యలు కొమ్మలు నరికిన సరుగుడుతోపువలె కానవచ్చును. గాలి వీచినప్పుడు త్రాళ్లు ఆ కొయ్యలకు తగిలి మ్రోగును. మొదటిసారి విన్నప్పుడు పసులమంద మెడగంటలతో ఇంటికి మరలుచున్నదేమో యని తోచినది.

సౌతాంప్టనులో రైలెక్కినచో అరగంటలోపల బర్సిల్డను అను గ్రామము చేరవచ్చును. స్టేషను నది యొడ్డుననే యున్నది. ఇక్కడ పూర్వము యుద్ధనౌకలు కట్టెడివారు. 1786లో ఇచట నీటిలో దించిన ‘ఎలిఫెంటు’ అను నౌకపై నుండియే నెల్సను 1801లో కోపెన్‌హేగను యుద్ధము నడపెను. వెనుకకు మరలుమని పైయధికారి ఎత్తించిన జెండాలను చూడనొల్లక, ఆయన దూరదర్శినిని తన గ్రుడ్డికంటికి ఆనించుకొని, తనకేమియు కనబడుటలేదనెనని కథ. యుద్ధమునకు ఆ యుపాయము పనికివచ్చెనేమో కాని, పాతపడవ కొనువారికి మాత్రము పనికిరాదు. వంతెనకు ఎగువను, బురదలో, ఐదవ హెన్రీ రాజు కట్టించిన ‘గ్రేస్ డ్యూ’ అను మహానౌక యడుగు నేటికిని ఉన్నది. 1418లో నీటిలో దించిన ఆ నౌక 1420లో ఒక్కమారు మాత్రము సముద్రముపైకి పోయి, 1439లో పిడుగుపడి కాలిపోయెను. నీరు మిక్కిలిగా తీసిన పాటువేళ దాని దుంగలు కనబడును. ఎంత సొమ్ము పోసినను, పడవ రాజుమాట కూడ వినదని ఆ దుంగలను చూచినప్పుడు తోచకపోదు.

ఇట్టి నదికి మేము పాతపడవ యొకటి కొనవలెనని పోయితిమి. మావారి బాల్యము భీమునిపట్టణపు ఒడ్డున గడచినది. ఈ దేశమునకు వచ్చిన పిమ్మట రెండు వేసవులు వారు తెరచాప నడపుట నేర్చుకొని, ఇక సొంతపడవ లేనిదే నిద్రపట్టదనిరి. క్రొత్తపడవ వెల ఇంటివెలతో పోటీపడుచుండును; కావున పాతది తప్పదు. అయినను, స్వదేశమునకు మువ్వురమును పోయివచ్చుటకై రెండేండ్లుగా కూడబెట్టిన సొమ్ము అందులో కలియవలసియుండెను. అంతకుమించినమాట, తొమ్మిదేండ్ల మా అమ్మాయి ఆ పడవలో కూర్చుండవలసియున్నది. కాబట్టి చూచుటకు మేమందరమును పోయితిమి.

మొదట చూచినది బర్సిల్డనులో గట్టుమీద దుంగల యూతతో నిలిపిన ఇరువదియాఱడుగుల పడవ. 1970ల నాటిది, గాజుపీచు పొరలను జిగురుతో అతికి చేయు ఫైబరుగ్లాసు పడవ. అడుగున రెండు ఇనుపరెక్కలు కలవు. నీరు తీసినప్పుడు ఇట్టి పడవ ప్రక్కకు ఒరిగిపోక, రెండుకాళ్లపై నిలిచిన కొంగవలె బురదలో నిలుచును. నీలిరంగు నిగనిగలాడుచుండెను. లోపల పరుపులకు క్రొత్తగుడ్డ, గోడకు చిన్నగడియారము, బల్లపై పూలకుండి. అమ్మువాడు మిక్కిలి మర్యాదస్థుడు. మేము పోవునప్పటికి టీ సిద్ధముగా నుంచెను. అమ్మాయి అప్పుడే తన పడక ఏదో ఏర్పరచుకొన్నది.

మన యిండ్లలో కుండ కొనునప్పుడు దాని రంగు చూచి కొనము గదా; వ్రేలితో మీటి చూతుము. పడవకును అదే పరీక్ష. ఈ పడవల డెక్కును రెండు ఫైబరుగ్లాసు పొరలనడుమ తేలికకొయ్య నుంచి చేయుదురు. ఏ మరచీల సందుననో వాన దిగెనా, నడుమనున్న కొయ్య పైకి తెలియకుండ కుళ్లును. అందుచేత వ్రేలికణుపులతో అడుగడుగునకు తట్టుచు పోవలయును. మంచిచోట ఖంగుమనును, చెడినచోట తడిసిన మద్దెలవలె పలుకును. ఈ పడవ ముందుభాగమంతయు ఖంగుమన్నది. కొయ్యకు ఇరుప్రక్కల ఉక్కుతీగెలను బిగించు పట్టీలున్నచోట మాత్రము శబ్దము మారినది. కాలు మోపగా కొంచెము దిగినట్లును ఉండెను. లోనికి పోయి సరిగా ఆ చోటి క్రింద చూచితిమి. పరుపుగుడ్డ వెనుక, చెక్కమీద, టీ ఒలికినట్లు గోధుమరంగు చార యొకటి పైనుండి క్రిందికి దిగియున్నది. ఆ తీగెలే కొయ్యను నిలుపునవి; ఆ పట్టీలే తీగెలను పట్టునవి. అవి నాటుకొన్న చోటు మెత్తబడినచో పెనుగాలిలో కొయ్య కూలును.

తరువాత మావారు యంత్రముపై చేయి వేసిరి. వెచ్చగా నుండెను. పడవ కొనవచ్చువారికి యంత్రమును చల్లగా చూపుట న్యాయము. చల్లని యంత్రము ఎంత పొగ విడుచునో, ఎన్నిసార్లకు మేల్కొనునో అప్పుడే తెలియును. ముందుగానే నడిపి యుంచినవాడు మర్యాదకొఱకు నడిపెనని అనుకొనుటకు వీలులేదు. అడుగుపలకలెత్తి చూడగా ఆ పల్లమున అంతయు తెల్లరంగు, నిన్న వేసినట్లున్నది. ఎవరును చూడని చోట క్రొత్తరంగు ఎందుకో అమ్మువాడు చెప్పలేదు, మేమును అడుగలేదు.

వంటమూల మన పరీక్ష కాదా? గ్యాసుపొయ్యి అద్దమువలె తుడిచియుండెను. వెనుకనున్న రబ్బరుగొట్టమును వంచి చూచితిమి. సన్నని పగుళ్లు, దానిపై అచ్చువేసిన సంవత్సరము మా అమ్మాయి పుట్టకముందటిది. ఇంటిలో గ్యాసు కారినచో కిటికీ తెరచి బయటపడవచ్చును. పడవలో ఆ సౌకర్యము లేదు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. అది నీటివలె జారి పడవ అడుగున చేరి, ఒక్క నిప్పురవ్వకై వేచియుండును. అందుచేతనే సిలిండరుండు అరకు అడుగున బయటికి పోవు రంధ్రముండవలెను. ఈ పడవలో ఆ రంధ్రమును గుడ్డపేలికతో కుక్కియుండిరి. మేము టీ త్రాగి, కృతజ్ఞత చెప్పి, సెలవు తీసికొంటిమి. అమ్మాయి కొంచెము ముఖము ముడుచుకొన్నది.

రెండవ పడవ ఆవలియొడ్డున వార్సాషులో నుండెను. హాంబిల్ గ్రామము రేవునుండి అక్కడికి చిన్నబల్లకట్టువంటి పడవ జనమును దాటించుచుండును. దానికి గులాబిరంగు, ప్రయాణికులు వేచియుండు గుడిసెకును అదే రంగు. ఇంత గంభీరమైన దేశమున ఆ రంగు ఎవరికి తోచెనో కాని, పిల్లల ముఖములు వికసింపజేయుటకు అది చాలును.

ఈ పడవ యజమానురాలు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధురాలు. భర్త గతించిన తరువాత నాలుగేండ్లు తానే నడపినదట. ఇప్పుడు మోకాళ్లు సహకరింపవు. పడవ రంగు వెలిసియున్నది, పరుపులు మాసియున్నవి. ఆమె టీ ఇయ్యలేదు. ముందుగా ఒక లావుపాటి నోటుపుస్తకమును చేతికిచ్చినది. ఇరువదిరెండేండ్లుగా ఏ మాసమున ఏ మరచీల మార్చిరో, ఏ చమురు పోసిరో అందు వ్రాసియున్నది. చివరిపుటలో “చేయవలసినవి” అను శీర్షికక్రింద పదునొకండు లోపములు. అమ్ముకొనువారు స్వయముగా లోపముల పట్టిక చేతబెట్టుట మేమెన్నడును వినలేదు.

అయినను పుస్తకమును నమ్మి పడవను చూడకుండుట తగదు. పడవ క్రిందికి వంగి మేనంతయు చూచితిమి. నీటిగీతకు దిగువ అక్కడక్కడ పొక్కులుండెను. ఏండ్లతరబడి నీటిలో నానిన ఫైబరుగ్లాసుకు ఇట్టి పొక్కులు లేచును. చిదిమినచో వెనిగరువాసన గల నీరు కారును. చూచుటకు రోతయేగాని, కొలదిపొక్కులవలన పడవ మునిగినమాట అరుదు. వెల తగ్గించుకొనుటకు అవి మంచి కారణము. ఇనుపరెక్కలు మేనికి కలియు చోట తుప్పుకన్నీరు కారుచున్నదా యన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. అక్కడ పొడిగా నుండెను. చుక్కానిని ప్రక్కలకు ఊపితిమి; ఊగిసలాట లేదు. మేనిలోనుండి నీరు వచ్చిపోవు ఇత్తడి కొళాయిలను కత్తిమొనతో గీకగా ఒకటి పసుపుగాక గులాబిరంగు చూపినది. ఉప్పునీరు ఇత్తడిలోని యశదమును తినివేసినచో ఆ రంగు వచ్చును. అట్టిది ఏనాడైనను పెళుసై విరుగును. ఆమె పట్టికలో అది లేదు. చెప్పగా కన్నద్దాలు సవరించుకొని చూచి, వెంటనే పండ్రెండవదిగా వ్రాసికొన్నది.

తెరచాపలను గడ్డిమీద పరచితిమి. క్రొత్త తెరచాప గంజిపెట్టిన చీరవలె గలగలలాడును. ఎండకు వాడినది పలుమార్లు ఉతికిన నేతచీరవలె మెత్తబడును. బట్టకంటె ముందు కుట్టుదారము చచ్చును. గోటితో కుట్టువెంబడి గీరితిమి. పెద్దచాప నిలిచినది, చిన్నచాప అంచున మూరెడు దారము పొడియై రాలినది. ఉక్కుతీగెలపై చేయి వేయక, పాతగుడ్డ చుట్టి క్రిందికి దూసితిమి. రెండుచోట్ల గుడ్డ తగులుకొన్నది. అనగా లోపల పోగు తెగినదన్నమాట. అవి మార్పించవలసినదే.

అంత పాతపడవనా సముద్రముమీద నమ్ముట యని మా అత్తగారు ఫోనులో అడిగిరి. వారికి తారిణి సంగతి చెప్పితిమి. గోవాలో కట్టిన ఆ ఏబదియాఱడుగుల తెరచాపనావపై మన నౌకాదళపు వనితలార్గురు 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు 254 దినములలో భూమిని చుట్టివచ్చిరి. అందు విశాఖపట్టణపు పి. స్వాతియు, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్యయు మనవారే. అదే నావపై 2024 అక్టోబరులో దిల్నా, రూప అను ఇద్దరు మాత్రమే బయలుదేరి 2025 మేలో మరల భూప్రదక్షిణము ముగించిరి. అన్ని సముద్రములు దాటిన నావను వారు పాతదని త్రోసివేయలేదు. అత్తగారు కొంతసేపు ఊరకుండి, “అమ్మాయికి ఈత వచ్చునా?” అనిరి. వచ్చునంటిమి.

ఇక్కడి ఆచారము ప్రకారము కొంత బయానా ఇచ్చి, పరీక్ష తరువాతనే బేరము ఖాయపరచు షరతుతో పడవలను పరీక్షించు నిపుణుని పిలిచితిమి. ఆయనకు ఇయ్యవలసిన సొమ్ము విని మొదట గుండె జల్లుమన్నది. ఆయన ఒక ప్లాస్టికు సుత్తితోను, చెమ్మను కొలుచు చిన్నయంత్రముతోను ఐదుగంటలు గడపెను. మేము చూచినవన్నియు ఆయన చూచెను. మాకు అందని కొయ్యచివరను, యంత్రపు గర్భమును కూడ చూచెను. తీగెలన్నియు మార్చుట, కొళాయిలు రెండు, గ్యాసుగొట్టము, పొక్కుల సంగతి: ఇవి ఆయన వ్రాసినవి. ఆమె 6,500 పౌండ్లు అడిగినది. ఆ పత్రము చూచి 4,900కు తగ్గినది. పూర్వపు అమ్మకపు పత్రములు వరుసగా ఉన్నవా, రేవు బాకీలేమైన మిగిలినవా యని మావారు చూచిరి. ఈ దేశమున చిన్నపడవకు ఇంటికివలె తప్పనిసరి రిజిస్ట్రీ లేదు. చేతికాగితములే ఆధారము; కొన్ని బాకీలు మనిషిని విడిచి పడవ వెంటనే వచ్చును. స్వదేశప్రయాణము ఒక సంవత్సరము వెనుకకు పోయినది, మానలేదు.

ఏప్రిలులో తీగెలు మార్పించిన తరువాత పడవను పట్టీలతో ఎత్తి నీటిపైకి దించిరి. పూర్తిగా వదలకముందు, పట్టీలు పట్టియుండగనే లోనికి దిగి అడుగుపలకలెత్తి చూడవలెనని నిపుణుడు మరిమరి చెప్పియుండెను. అమ్మాయి దీపము పట్టుకొన్నది. క్రొత్తకొళాయిల చుట్టును, పల్లమంతయును చేయి పెట్టి తడవితిమి. పదినిమిషములు చూచితిమి, మరల పదినిమిషములు చూచితిమి. పట్టీలవాడు పైనుండి విసుగుతో గడియారము చూచుకొనుచుండెను. చేతికి చెమ్మ తగులలేదు. అప్పుడు విడువుమని పైకి కేకవేసితిమి.