రొయ్యల గుంటల కాడ మా బడి

ఎండాకాలం సెలవుల్లో నేను మైపాడు దగ్గర రొయ్యల గుంటల కాడికి పోయినాను. మేము యానాదులం. మా అమ్మ, నాయన అక్కడ కాపలా ఉంటారు. చుట్టుపక్కల కాపలా గుడిసెల్లో తొమ్మిదిమంది పిలకాయలు ఉన్నారు. ఒక్కరూ బడికి పోవడం లేదు. ఒక గుంటలో పట్టుబడి అయిపోతే ఇంకో ఊరికి పోతారు. ఇంక బడి ఎట్ట కుదురుతుంది?

సాయంత్రం గట్టు మీద కూర్చోబెట్టి చదువు చెప్పేదాన్ని. పలకలు లేవు, ఇసకలో రాసేవాళ్లం. మేత బస్తాలు లెక్కపెట్టి కూడికలు నేర్చుకున్నారు.

జూన్‌లో హాస్టలు తెరిచారు. నేను బయల్దేరే రోజు ఒక చిన్నపాప నా సంచి దాచిపెట్టింది. "అక్కా, 'హ' దాకానే చెప్పినావు" అనింది. బస్సు వచ్చేలోపల మట్టిలో 'ళ' రాసి దిద్దించాను. నాకు ఏడుపొచ్చింది.

2009 చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని టీసీ లేకపోయినా బడిలో చేర్చుకోవాలని మా టీచరు చెప్పారు. ఆ మాట వాళ్ల అమ్మలకు చెప్పినాను. "కాగితం మీద రాసిచ్చి పో అమ్మయ్యా, అయ్యవారికి చూపిస్తాం" అన్నారు. రాసిచ్చి వచ్చినాను.

మన నెల్లూరు జిల్లాలోనే అక్షర దీపంలో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద కొట్లాడారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆపేశారు. చదువుకు అంత బలం ఉంది.

మిత్రులారా, దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరు కూడా ఒక్క పిల్లకైనా అక్షరాలు నేర్పండి.

— 9వ తరగతి విద్యార్థిని