గడియారమును తరిమిన వేసవి

మన సికింద్రాబాదు నడిబొడ్డున గడియారపు గోపురమొకటి కలదు. 1897వ సంవత్సరమున ప్రారంభింపబడిన యా గోపురము నెఱుగని విద్యార్థి మన పాఠశాలలో నుండడు. ఆ గడియారపు ముండ్లను ఎవరైనను చేతితో త్వరగా త్రిప్పినచో సాయంకాలపు బడిగంట ముందుగా మ్రోగునా యని చిన్న తరగతులలో మేము నవ్వుకొనుచుంటిమి. అట్టి పనినే గత వేసవి సెలవులలో నిజముగా చేసితిమి. అయితే అది గోపురముమీది గడియారము గాదు. మా యింటి కంప్యూటరులోని గడియారము. అట్లు చేయుటను ఓవర్‌క్లాకింగు అందురు. మేమనగా ఒకే తల్లి బిడ్డలమగు ఇరువురు సోదరులము. తప్పు కలిసి చేసితిమి గనుక, అందు పెద్దవాని పాలెంత, చిన్నవాని పాలెంత యను పంపకము ఇచ్చట చేయబోము.

కంప్యూటరునకు మెదడు వంటిది ప్రాసెసరు. అందలి కోట్లకొలది స్విచ్చులు తలకొక దారిని పోక, ఒక్క తాళమునకు కట్టుబడి పనిచేయును. ఆదివారపు ఆరాధనలో గాయకబృందమునకు నాయకుడు చేయి యూపునట్లు, ప్రాసెసరునకు గడియార స్పందన తాళము వేయుచుండును. చేయి యొకసారి ఊగిన ఒక్క అడుగు పని జరుగును. చేయి వేగముగా ఊగిన పాటయు వేగముగా సాగును. తయారుచేసినవారు నిర్ణయించిన తాళముకంటె త్వరితమైన తాళము వేయుటయే ఓవర్‌క్లాకింగు.

మా ప్రాసెసరు ఇంటెల్ సంస్థవారు 2014లో వెలువరించిన పెంటియమ్ జీ3258. పెంటియమ్ అను పేరునకు ఇరువది యేండ్లు నిండిన జ్ఞాపకార్థము దానిని విడుదల చేసిరి. మా నాన్నగారు పార్కు లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు మమ్ము వెంటబెట్టుకొని పోయి, వాడిన భాగములను ఒక్కొక్కటిగా బేరమాడి కొని, ఇంటికి తెచ్చి కూర్పించిరి. ఆ ప్రాసెసరునకు మూల స్పందనలు సెకనునకు 10 కోట్లు. దానిని 32చే గుణింపగా 320 కోట్లు, అనగా 3.2 గిగాహెర్ట్జులు. తక్కువ వెల ప్రాసెసర్లలో సాధారణముగా ఆ గుణకమునకు బీగము వేసియుందురు. దీనికి బీగము లేదు. ఈ సంగతి చదివిన నాటినుండి మాకు నిద్ర పట్టలేదు.

బీగము లేని తలుపు తీయుట దొంగతనము గాదని మమ్ము మేము సమాధానపఱచుకొంటిమి. అందులకు కొంత చరిత్రయు తోడుపడెను. ప్రాసెసర్లను సిలికాన్ పలకలమీద అనేకములుగా ఒక్కసారి తయారుచేయుదురు. ఒకే పలకమీద పుట్టినను అన్నియు సమానమైన శక్తి కలవి గావు. కనుక తయారీదారులు వానిని పరీక్షించి, అవి సులభముగా మోయగల వేగమును, కొంత వెసులుబాటు విడిచి, నిర్ణయింతురు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అను ప్రాసెసరు 300 మెగాహెర్ట్జులకు అమ్మబడినను, మూల స్పందనను 66 నుండి 100కు హెచ్చింపగా అనేకుల యిండ్లలో 450 దాక పరుగెత్తెను. 2011లో ఏఎమ్‌డీ వారి ప్రాసెసరొకదానిని ద్రవ హీలియముతో చల్లబఱచి 8.429 గిగాహెర్ట్జులకు చేర్చిరి. ఆ వేగము రికార్డు పుటల కెక్కుటకే గాని యింటి లెక్కలు వ్రాసికొనుటకు గాదను మాట అప్పుడు మాకు తట్టలేదు.

ఏప్రిలు నెలాఖరున, నాన్నగారు పనికి పోయిన వేళ, ప్రయోగము మొదలుపెట్టితిమి. కంప్యూటరు మేల్కొనుచుండగా డిలీట్ మీటను నొక్కిన బయాస్ అను అమరికల పుట తెఱచుకొనును. అందు గుణకము 32 అని యుండెను. దానిని 36 చేసితిమి. మా గుండెలు దడదడలాడెను గాని, యంత్రము మాత్రము ఏమియు నెఱుగనట్లు లేచి కూర్చుండెను. 40 చేసితిమి, తెఱ నల్లగా నిలిచిపోయెను. వెనుకకు పోయి, ప్రాసెసరునకు అందు వోల్టేజిని 1.05 నుండి 1.12కు పెంచగా 40కి లొంగెను. 42కు 1.20 కావలసివచ్చెను, 44కు 1.30. ప్రతి మెట్టును నోటుపుస్తకములో గీతలు గీసి వ్రాసికొంటిమి. ఆ దినమున మేము గొప్ప శాస్త్రజ్ఞులమని మాకు తోచెను.

ఆ అంకెల ప్రక్కనే మఱియొక వరుస యుండెను. అది వేడిమి. పూర్తి భారము వేసినపుడు 3.2 వద్ద 62 డిగ్రీలు, 4.0 వద్ద 74, 4.2 వద్ద 84, 4.4 వద్ద 96. ప్రాసెసరు పని వలన పుట్టు వేడిమి వేగమును బట్టి పెరుగును. వోల్టేజిని బట్టి మాత్రము దాని వర్గముగా పెరుగును. మా లెక్క చూడుడు. వేగము 32 నుండి 44కు, అనగా నూటికి 37 పాళ్ళకు పైగా పెరిగినది. వోల్టేజి 1.05 నుండి 1.30కు పెరిగినది; ఆ పెరుగుదల వర్గము ఒకటిన్నర రెట్లు దాటినది. రెంటిని గుణించిన వేడిమి రెట్టింపు కంటె నెక్కువ! నూటికి 37 పాళ్ళ లాభమునకు రెట్టింపు వెల. బయట సికింద్రాబాదు ఎండ నీడలోనే 40 డిగ్రీలు చూపుచుండగా, పెట్టెతో వచ్చిన చిన్న ఫ్యాను ఆ వేడిగాలినే ప్రాసెసరుమీదికి విసరుచుండెను. పెద్ద కూలరు కొనుడని దుకాణదారుడు ముందే చెప్పియుండెను. మేము వినలేదు.

నిలుకడను పరీక్షించుటకు ప్రైమ్95 అను ప్రోగ్రాము కలదు. అది ప్రాసెసరుచేత ఎడతెగని గుణకారములు చేయించును. అనుభవజ్ఞులు దానిని గంటలకొలది నడుపుదురు. మేము పది నిమిషములు నడిపి, 96 చూచి భయపడి ఆపివేసితిమి. ఇంత కష్టమైన పని మన యంత్రముచేత ఎన్నడు చేయింతుము, ఆట చక్కగా సాగిన చాలును గదా యని తీర్మానించుకొంటిమి. ఆ సాయంకాలము ఆట చక్కగానే సాగెను. నాన్నగారితో చెప్పలేదు. అడిగినచో చెప్పుదమని యనుకొంటిమి. అడుగుటకు వారికి సంగతి తెలిసియుండవలెను గదా!

రెండు వారములు గడచెను. మా నాన్నగారు మా సంఘమునకు కోశాధికారులు. కానుకలును, ఖర్చులును ఏడాది పొడుగున కంప్యూటరులో వ్రాసి, లెక్కలు ముగిసిన పిమ్మట అన్నిటిని ఒక్క జిప్ ఫైలుగా మూట గట్టి, విడి ఫైళ్ళను తుడిచివేయుట వారి యలవాటు. ఆ యేటి మూటను మే నెలలో ఒక రాత్రి గట్టిరి. తరువాతి సోమవారమున తెఱువబోగా అది తెఱచుకొనలేదు. లోపలి సరిచూపు సంఖ్య సరిపోలుట లేదని తెఱమీద వ్రాత వచ్చెను. వచ్చు ఆదివారముననే సంఘపెద్దల యెదుట లెక్కలు చదువవలసియుండెను.

నాన్నగారు కండ్లద్దములు తీసి తుడుచుకొని, మరల పెట్టుకొని, మరల ప్రయత్నించిరి. పిమ్మట అమ్మతో మెల్లగా, "నేనే యేదో తప్పు మీట నొక్కితిని కాబోలు. ఈ వయస్సున నాకెందుకీ యంత్రము? ఆదివారమున నిలువబడి క్షమాపణ చెప్పుకొందును" అనిరి. తలుపు చాటున మేము వింటిమి. వారు మమ్ము తిట్టియున్నచో అంత బాధ కలిగియుండదు. తమది గాని తప్పును తమపై వేసికొనుచున్నారు. అది యెవరిదో యెఱిగినవారము మేమిరువురమే.

ఆ రాత్రి అన్నము గొంతు దిగలేదు. ఇప్పుడే చెప్పుదమని మాలో నొకరము, తెల్లవాఱనిమ్మని యొకరము. మేము పలుకకున్న ఎవరికిని తెలియదు. నాన్నగారు ఆదివారమున తల వంచుకొని నిలుచుందురు, అంతే. ఆ "అంతే" యను మాటయే మమ్ము మంచముమీదినుండి లేపినది. పది గంటలకు పోయి, నోటుపుస్తకమును వారి చేతిలో పెట్టి, "నాన్నగారూ, తప్పు మీది గాదు, మాది" అని మొదటినుండి తుదివఱకు చెప్పితిమి. వారు పుటలు త్రిప్పి అంకెలన్నియు చదివిరి. చాలసేపు మాటలాడలేదు. చివరకు, "ముందు గడియారమును దాని చోటికి త్రిప్పుడు. తరువాత అలమరలోని రసీదుల పెట్టె తెండు" అనిరి.

ఐదు రాత్రులు పనిచేసితిమి. నాలుగు వందలకు పైగా రసీదులు. ఒకరము చదువగా, ఒకరము టైపు చేయగా, నాన్నగారు కాగితముమీద కూడుచుండిరి. శుక్రవారము రాత్రి రెండు మొత్తములకును 90 రూపాయల తేడా వచ్చెను. మరల మొదటినుండి చూడవలయునా యని మేము నీరసపడితిమి. నాన్నగారు నవ్వి, "ఆ తేడాను 9 నిశ్శేషముగా భాగించుచున్నది. ఎచ్చటనో ప్రక్కప్రక్క అంకెలు తారుమారై యుండవచ్చును, చూడుడు" అనిరి. వెదకగా 450 ఉండవలసిన చోట 540 అని టైపు చేసియుంటిమి. ఈసారి కంప్యూటరును నిందించుటకు వీలు లేదు. అది మా చేతి తొందర. ఆదివారమున లెక్కలు చదువబడెను. మూట చెడిన సంగతి యెవరును అడుగలేదు, నాన్నగారును చెప్పలేదు.

లెక్కలో తప్పు తన గుర్తును తానే విడుచునని నాన్నగారి తొమ్మిది మాకు నేర్పెను. కనుక మఱునాడు లెక్కలను వేఱొక పెన్‌డ్రైవులో దాచి, నాన్నగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, 44ను మరల పెట్టి ప్రైమ్95ను నడిపితిమి. పదునేడవ నిమిషమున రెండు కోర్లలో నొకదాని పని ఆగిపోయెను. దోషము 0.5 వచ్చినది, 0.4కు లోబడి యుండవలసినది, అని తెఱమీద వ్రాయబడెను. ఆ ప్రోగ్రాము బహుదీర్ఘ సంఖ్యలను దశాంశముల సాయమున గుణించును. చివరి ఫలితము పూర్ణసంఖ్యకు చేరువగా రావలయును. సరిగా సగము దూరమున వచ్చినచో అది క్రింది సంఖ్యయో పై సంఖ్యయో చెప్ప వీలు లేదు. అప్పుడది తన లెక్కను తానే నమ్మక నిలిచిపోవును. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెదకుటకై 1996లో ఆరంభమైన ఉద్యమమునకు చెందినది ఈ ప్రోగ్రాము. ఆ ఉద్యమమువారు 2024లో కనుగొన్న సంఖ్యకు 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలు కలవు. ఒక్క తప్పుతో ఎన్నో దినముల పని వ్యర్థమగు చోట అట్టి కాపలా యుండుట న్యాయమే.

మేము మునుపెఱుగని సంగతి యిదియే. మితిమీరిన వేగమున యంత్రము కూలిపోవునని యెదురుచూచితిమి. అది కూలలేదు, తెఱ వెలిగెను, ఆట నడిచెను. తాళము మితిమీరినపుడు గాయకబృందము పాట నాపదు. వెనుక వరుసలో నొక చిన్నవాడు ఒక్క మాట మ్రింగివేయును, పాట సాగిపోవును. అట్లు మ్రింగబడిన మాట మా నాన్నగారి లెక్కలలో పడినది.

పాఠశాల తెఱచిన పిమ్మట మా సైన్సు మాస్టారుగారికి ఈ కథ చెప్పితిమి. వారు మమ్ము మందలింపక, మన యూరి కథ యొకటి చెప్పిరి. గడియారపు గోపురము ప్రారంభమైన 1897వ సంవత్సరముననే, ఆగస్టు 20వ తేదీన, బేగంపేటలో రోనాల్డ్ రాస్ గారు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిరి. 1902లో వారికి నోబెల్ బహుమానము లభించినది. ఉక్కపోతలో చెమట కారుచున్నను వారు పంకా వేయనీయలేదట. కోసిన దోమల భాగములు ఆ గాలికి ఎగిరిపోవునని. "మీకు పంకా కావలసియుండగా కొనలేదు, ఆయనకు పంకా దొరకియు వలదనుకొనెను. ఇరువురి మధ్య భేదము పంకా గాదు, ఓర్పు" అని మాస్టారుగారు చెప్పగా తరగతియంతయు నవ్వెను. మేమును నవ్వితిమి, కొంచెము సిగ్గుతో.

సహవిద్యార్థులారా! ఈ ప్రయోగము చేయవలదని మేము చెప్పబోము. మా కంప్యూటరు నేడు 4.0 గిగాహెర్ట్జులతో పనిచేయుచున్నది. మా దాపుడు డబ్బుతో పెద్ద కూలరు కొంటిమి. ఒక రాత్రియంతయు ప్రైమ్95 నడిపితిమి. వేడిమి 61 డిగ్రీలు దాటలేదు, ఒక్క తప్పును రాలేదు. అయితే ఇంటివారి యనుమతి లేక చేయకుడు. విలువైన వ్రాతలను వేఱుచోట దాచక చేయకుడు. పరీక్షింపని వేగమును మీదని చెప్పుకొనకుడు.

ఆ నోటుపుస్తకము మా వద్దనే యున్నది. చూడగోరువారికి చూపుదుము. అందు 40 అను అంకె ప్రక్కన నాన్నగారు, సంఘపు లెక్కలలో వ్రాయునట్లే, ఎఱ్ఱసిరాతో "సరిచూడబడినది" అని వ్రాసి సంతకము చేసిరి. 44 ప్రక్కన సంతకము లేదు.